తెల్లదారం ఉన్నంతవరకే

కుట్టు షాపు, కిటికీ పక్క బల్ల
మార్చి మొదటి ఆదివారం

మా బొత్తానికి,

ముందే చెప్తున్నా, ఇది కోపంగా రాస్తున్న ఉత్తరం. నవ్వుతూ చదవకు.

ఫోనెందుకు చెయ్యలేదంటావేమో. ఫోన్లో నాకు సగమే వినపడుతుంది, మిగతా సగం నేనే కల్పించుకుంటాను. మొన్న మీ నాన్న ఫోన్ చేసి నీ గురించి "మానేస్తుందట" అన్నాడు. నాకు "మేనేజరట" అని వినపడింది. వెంటనే పక్కషాపు గడియారానికి చెప్పేశాను, మా మనవరాలు మేనేజరయిందని. గడియారమంటే తెలుసుగా, వాచీలు బాగుచేసే మా వాడు, ఆ పేరు పెట్టిందే నువ్వు. వాడు వీధంతా చాటాడు. ఇద్దరొచ్చి నాకు చెయ్యి కలిపి వెళ్ళారు కూడా. సాయంత్రం మీ నాన్న పెట్టిన మెసేజ్ గడియారం పైకి చదివాడు. చదివి, కళ్ళజోడు తీసి తుడుచుకుని, మళ్ళీ చదివాడు. నా పరువు ఎంత పోయిందో నీకేం తెలుసు?

ఆస్పత్రిలో కుట్టుపని మానేస్తావా? ఎందుకు? ఎవడేమన్నాడు? నీ పని బాగోలేదని ఎవడో అనే ఉంటాడు, లేకపోతే నువ్వు మానవు. ఆరేళ్ళప్పుడు నీ చేతికి సూది ఇచ్చింది నేను. ఆ చేతికి వంక పెట్టినవాడు నాకు వంక పెట్టినట్టే. వాడి పేరు, ఎత్తు, ఛాతీ కొలత రాసి పంపు. మిగతాది నేను చూసుకుంటా.

నేను మూడో తరగతితో బడి వదిలేసినవాణ్ణి. షాపు కొలతల పుస్తకం కూడా మీ నాయనమ్మే రాసేది. అలాంటివాణ్ణి కూర్చుని ఉత్తరం రాస్తున్నానంటే ఎంత మండిపోతున్నానో అర్థం చేసుకో. నాకు చేతకాని అచ్చరం ఒకటుంది, దాన్ని తప్పించుకుంటూ రాస్తున్నా. అదేదో కనిపెట్టి ఎగతాళి చెయ్యకు. ఎగతాళి చెయ్యడం మన ఇంట్లో నా ఉద్యోగం.

పేరు పంపు. కత్తెరకి సాన పట్టించి ఉంచాను.

తాత

*

ఆస్పత్రి, రెండో అంతస్తు కుట్టుగది
మార్చి, మధ్యాహ్నం భోజనం టైము

తాతా,

నవ్వొద్దన్నావు గానీ, ఛాతీ కొలత దగ్గర ఆగలేకపోయాను. పక్క మిషన్ అక్క ఏమైందని అడిగితే ఉత్తరం చూపించాను. నీకు కొత్త అభిమాని దొరికింది.

ఎవరూ ఏమీ అనలేదు. మా పెద్దావిడ ఉంది కదా, మెళ్ళో ఇంచిటేపు తియ్యకుండానే ఇంటికెళ్ళే టేపు మేడం, ఆవిడ నన్ను ఒక్క మాట కూడా అన్లేదు. అదే నా బాధ. ఆవిడ తిట్టినా బావుండేది, అక్కడితో అయిపోయేది.

నా పనేంటో నీకెప్పుడూ సరిగ్గా చెప్పలేదు. కాలిన గాయాలు మానేటప్పుడు చర్మం గట్టిపడి, ముడతలు పడి, లోపలికి గుంజేస్తుంది. అలా గుంజకుండా ఒంటికి అంటుకునేలా బిగుతుగా బట్ట తొడగాలి, స్నానానికి తప్ప తియ్యకుండా. చేతికైతే గ్లవ్, మోచేతికైతే తొడుగు. ఒక్కొక్కళ్ళ ఒంటికీ విడిగా కొలిచి కుట్టాలి. వదులైతే పనిచెయ్యదు, మరీ బిగుతైతే రక్తం ఆడదు.

ఇప్పుడు నా బల్ల మీదున్నది ఒక బేకరీ ఆవిడ కుడిచెయ్యి. అంటే ఆ చేతి కొలతలు. ఓవెన్ తలుపు మీద పడి కాలింది. వేళ్ళ మధ్య నాలుగు చీలికలు, ప్రతి వేలికీ మూడు కొలతలు. గాయం ఆరేసరికి గ్లవ్ సిద్ధంగా ఉండాలి. నెల రోజులు టైముంది. ఇప్పటికి మూడుసార్లు కుట్టాను, మూడుసార్లు ఊడదీశాను.

మిషన్ పెడల్ మీద కాలు పెట్టగానే నా వెనకాల ఒకడు నిలబడతాడు తాతా. నిజం మనిషి కాదులే, నాకు పిచ్చెక్కలేదు. తలలో మాట. కుట్టినంతసేపూ చూస్తూ ఉంటాడు. దారం తెంపగానే మొదలెడతాడు. పక్కన అక్క కుట్టినదాంట్లో అంతకంటే పెద్ద వంకర ఉన్నా అతనికి కనపడదు. నాది మాత్రం వెంట్రుకంత పక్కకి పోతే చాలు.

మానేస్తే అతను కూడా మానేస్తాడని ఆశ. అంతే. కత్తెర మళ్ళీ పెట్లో పెట్టేసుకో.

నీ బొత్తాం

*

కుట్టు షాపు
మార్చి, మూడో వారం

బొత్తాం,

నాకు ఇంకా మండింది. మేడం అయితే వచ్చి కడిగేసేవాణ్ణి. తలకాయలో ఉన్నవాణ్ణి ఎక్కడికొచ్చి కడగను? అద్దె కట్టడు, తలుపు కొట్టడు, లోపల దూరి మా పిల్ల మీద పెత్తనం! వాడికి విడిగా ఒక ఉత్తరం రాశాను. చదివి వినిపించు. గట్టిగా చదువు, గొంతు తగ్గించకు.

"మా మనవరాలి తలకాయలో కాపురమున్న పెద్దమనిషికి. నీకు సూదిలో దారమెక్కించడం వచ్చా? కాజా కుట్టావా ఎప్పుడైనా? ఒక్క చొక్కాకి కాలరు తిప్పావా? చేతనైతే ఇలా నా ముందుకొచ్చి కూర్చుని కుట్టు, నేను వెనకాల నిలబడి చూస్తా. చేతకాకపోతే నోరు మూసుకో. వారం టైమిస్తున్నా, సామాను సర్దుకుని దిగు. ఇట్లు, కటింగ్ మాస్టర్, నలభై ఏడేళ్ళ సర్వీసు."

గడియారం విని, నువ్వు లాయరువి కావలసిందన్నాడు. నువ్వు మనిషివి కావలసింది అన్నాను.

ఇంకో సంగతి. ఆ వేళ్ళగ్లవ్ గురించి మీ నాన్నని అడిగితే ఫోటో పంపించాడు. కుట్లన్నీ బయటికున్నాయి! గుండె ఆగినంత పనయింది. ఏ దొంగ నేర్పాడు మీకు కుట్టు బయటికి పెట్టడం? పనివాడి సిగ్గు లోపలుండాలి, బట్ట అందం బయటుండాలి. నా షాపులో ఎవడైనా కుట్టు బయటికి కనపడేట్టు కుడితే వాణ్ణి వీధి చివరిదాకా తరిమేవాణ్ణి. మీ టేపు మేడానికి నా మాటగా చెప్పు. వద్దులే, చెప్పకు, నీ ఉద్యోగం నేనే ఊడగొట్టినట్టవుతుంది.

ఆ తలకాయలోవాడి వివరాలు కావాలి. మగా ఆడా? గొంతెలాగుంటుంది? ముసలాడా, కుర్రాడా? ఏం మాటలంటాడు? మాట ఉన్నదున్నట్టు రాయి. శత్రువు కొలత తెలీకుండా కోటు కుట్టలేను.

తాత

*

కుట్టుగది
ఏప్రిల్ రెండో వారం

తాతా,

నీ నోటీసు చదివి వినిపించాను. బాత్రూంలో తలుపేసుకుని, గట్టిగానే. నవ్వాడు.

కుట్టు బయటికెందుకంటే, లోపలివైపు చర్మం కొత్తది, పల్చటిది. కుట్టు లోపలుంటే గీరుకుపోతుంది. అందుకే నునుపు వైపు మనిషికి, గరుకు వైపు లోకానికి. టేపు మేడం నాకు మొదటిరోజు చెప్పిన మాట అది. ఒప్పుకున్నాను గానీ, చెయ్యి ఒప్పుకోదు. కుట్టు కనపడగానే సిగ్గేస్తుంది. దాన్ని చక్కగా చెయ్యాలని మళ్ళీ ఊడదీస్తాను.

బేకరీ ఆవిడ ఇవాళ వచ్చింది. గాయం ఆరింది. గ్లవ్ ఇమ్మంది. నా డెస్కు సొరుగులో ఉంది తాతా, ఆరోసారి కుట్టినది. పూర్తయింది. కానీ బొటనవేలి దగ్గర కుట్టు కొంచెం వంకర. నేను "బట్ట ఇంకా రాలేదండీ" అని అబద్ధం చెప్పాను. ఆవిడ "పర్లేదమ్మా" అని వెళ్తూ వెళ్తూ తలుపు గొళ్ళెం తియ్యబోయింది. వేళ్ళు గొళ్ళేనికి సరిపడా వంగలేదు. ఎడం చేత్తో తీసుకుని వెళ్ళింది. డాక్టరు రెండు వారాల్లోగా గ్లవ్ తొడగాలన్నారు. ఆ తర్వాత చర్మం గట్టిపడిపోతే గ్లవ్ కాదు, ఆపరేషనే. పిండి పిసికే చెయ్యి అది.

ఆవిడ వెళ్ళాక ఆరోది కూడా ఊడదీశాను.

రాజీనామా రాసి సొరుగులో పెట్టాను. ఇంకా ఇవ్వలేదు.

వివరాలడిగావుగా. మగ. ముసలాయన. మాట్లాడే ముందు ఒకసారి దగ్గుతాడు. బట్టని రెండు వేళ్ళతో పట్టుకుని వెలుగుకేసి ఎత్తుతాడు, చచ్చిన ఎలకని ఎత్తినట్టు. తర్వాత "ఊడదీయ్ బొత్తాం. ఇది చూస్తే కాకులు కూడా నవ్వుతాయి" అంటాడు.

ఇంకేం అడగకు తాతా.

బొత్తాం

*

కుట్టు షాపు
ఏప్రిల్, అదే వారం

బొత్తాం గారికి,

నేనా? నన్నా?

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. కళ్ళజోడు మార్చి చదివాను. చచ్చిన ఎలకట! వేరే తాత ఎవరైనా ఉన్నాడా నీకు, నాకు తెలీకుండా?

ఊడదీయ్ అని నేను ఎవర్ననలేదు? మీ నాన్ననన్నాను. మీ నాయనమ్మనన్నాను, పెళ్ళయిన రెండోరోజే అన్నాను, ఆవిడ దువ్వెన విసిరింది, అక్కడికి సరిపోయింది. షాపులో పనిచేసిన ప్రతివాణ్ణీ అన్నాను, అందరూ ఇవాళ సొంత షాపులు పెట్టుకుని బతుకుతున్నారు. ఈ వీధిలో నేను వేళాకోళం చెయ్యని మనిషి లేడు. నేను రెండురోజులు నోరు మూసుకుంటే ఒంట్లో బాగోలేదేమోనని పరామర్శకొస్తారు. అది నా నోటి వాటం. ప్రేమ లేకపోతే నేను అసలు పలకరించనే పలకరించను.

ఎత్తుకు తిప్పింది నేను. సూది గుచ్చుకుంటే వేలు నోట్లో పెట్టుకుని రక్తం ఆపింది నేను. సుద్దతో బల్ల మీద నీకు బొమ్మలేసింది నేను. అదేదీ గుర్తుండలేదు, కాకులు గుర్తున్నాయి! నీ పని నువ్వు చేసుకోలేక దానికి ఈ ముసలాణ్ణి బాధ్యుణ్ణి చేస్తావా? నేను నీ బుర్రలోకి టికెట్ కొనుక్కుని రాలేదు. నువ్వే తీసుకెళ్ళి పెట్టుకుంటే నేనేం చెయ్యను?

సరే. నీ ఇష్టం. రాజీనామా ఇస్తే ఇయ్యి. నేనింక రాయను.

*

మేడమీద నా గది
ఏప్రిల్, ఆదివారం పొద్దున

తాతా,

సంతకం కూడా పెట్టకుండా పంపావు. కానీ నువ్వే అని తెలిసింది. అదే గొంతు.

నాకూ కోపం వచ్చింది. ఎప్పుడూ నవ్వేసి ఊరుకునేదాన్ని, ఈసారి ఊరుకోను. మన ఇంట్లో నీ జోకుకి నవ్వనివాళ్ళు లేరు. నవ్వకపోతే "మూతి ముడుచుకుంది చూడు" అని ఇంకో జోకు వేస్తావు. అందుకని ఏడుపొచ్చినా నవ్వేవాళ్ళం. నువ్వు దాన్ని లెక్కలోకే తీసుకోలేదు. అందరూ నవ్వారు కాబట్టి అందరూ బాగున్నారనుకున్నావు.

మిషన్ కవర్ గుర్తుందా?

గుర్తుండదు. నాకప్పుడు తొమ్మిదేళ్ళు. నీ మిషన్ మీద దుమ్ము పడుతోందని నువ్వు రోజూ పాత తువ్వాలు కప్పేవాడివి. నీకు తెలీకుండా, నాయనమ్మ దగ్గర నీలం బట్ట అడిగి తీసుకుని, పదకొండు రోజులు చేత్తో కుట్టాను. నాలుగు మూలలు, ఒక జేబు, జేబు మీద ఎర్రదారంతో నీకోసం ఒక కత్తెర బొమ్మ. శనివారం షాపులో జనం ఉన్నప్పుడు తెచ్చి ఇచ్చాను, అందరూ చూడాలని. నువ్వు దగ్గావు. రెండు వేళ్ళతో ఎత్తి వెలుగుకేసి పట్టావు. "ఇది మిషన్‌కా, గాడిదకా? కాకులు నవ్వుతాయే!" అన్నావు. అందరూ నవ్వారు. తర్వాత, అందరూ చూస్తుండగా, కుట్లు విప్పే కొక్కెం తీసుకుని సర్రుసర్రున మూడు లాగుళ్ళలో మొత్తం ఊడదీసి, ముక్కలు నా చేతిలో పెట్టి, "ఇప్పుడు సరిగ్గా కుట్టుకురా" అన్నావు.

నేనూ నవ్వాను. గట్టిగా నవ్వాను. ఆ కవర్ మళ్ళీ కుట్టలేదు.

నీకు నవ్వు గుర్తుంది, నాకు ముక్కలు గుర్తున్నాయి. అంతే తేడా.

నువ్వు చెడ్డవాడివని నేనెప్పుడూ అనుకోలేదు. బయట ఉన్న తాతంటే నాకు ప్రాణం. వేలు నోట్లో పెట్టుకున్నదీ గుర్తుంది, సుద్దబొమ్మలూ గుర్తున్నాయి. లోపలున్న తాతకే అవేవీ గుర్తులేవు. ఆయనకి ఒక్కటే మాట వచ్చు. బయట తాతేమో రోజురోజుకీ ముసలాడై, మెత్తబడి, చెవుడొచ్చి కూర్చున్నాడు. లోపల తాతకి మాత్రం వయసు రాలేదు. అన్నీ స్పష్టంగా వినపడతాయి, కొక్కెం చేతిలోనే ఉంటుంది. ఒంటరిగా ఆయనతో పద్దెనిమిదేళ్ళు వేగాను. అలిసిపోయాను.

నేనే తీసుకెళ్ళి పెట్టుకున్నానన్నావు. నిజమే. కానీ తొమ్మిదేళ్ళ పిల్లకి ఎవర్ని లోపలికి రానివ్వాలో ఎలా తెలుస్తుంది తాతా?

గ్లవ్ ఏడోసారి కత్తిరించాను. ఇంకా వారం ఉంది.

బొత్తాం

*

కుట్టు షాపు
ఏప్రిల్ చివర, మంగళవారం

అమ్మా బొత్తాం,

మూడురోజులు షాపు తియ్యలేదు. గడియారం తలుపు కొట్టి కొట్టి, ఆఖరికి కిటికీలోంచి అరిచాడు. వాణ్ణి లోపలికి పిలిచి నీ ఉత్తరం చేతికిచ్చాను. "ఆ పిల్ల కవరు సంగతి నీకేమన్నా గుర్తుందా?" అని అడిగాను.

"ఎందుకు లేదు, నేనూ నవ్వానుగా" అన్నాడు.

"మరి?"

"మరేముంది. నవ్వడం అయ్యాక పిల్ల కనపడకపోతే వెతికాను. నా షాపు వెనక నీళ్ళతొట్టి దగ్గర ముక్కలు ఉతుకుతోంది. మురికైతే తాతకి కోపమొస్తుందంది. రుమాలిచ్చాను."

"పద్దెనిమిదేళ్ళు ఎందుకు చెప్పలేదురా?"

"చెప్తే నువ్వు జోకేస్తావు" అన్నాడు.

వాడి మీద అరిచాను. నా స్నేహితుడివై ఉండి నన్ను ఆపలేదెందుకని అరిచాను. తర్వాత మీ నాన్నకి ఫోన్ చేసి అరిచాను. వాడేమన్నాడో వినపడలేదు, నయమైంది. ఆ తర్వాత అరవడానికి ఎవరూ మిగల్లేదు. నేనే మిగిలాను.

ఒక సంగతి చెప్తాను, ఇది మీ నాయనమ్మకి కూడా తెలీదు. మూడో తరగతిలో మాకొక పంతులుగారుండేవాడు. పలక మీద నాకొక అచ్చరం వచ్చేది కాదు. క కింద ష తగిలిస్తారే, అది. రోజూ నన్ను నిలబెట్టి రాయించి, పలక పిల్లలందరికీ చూపించి, "ఇది అచ్చరమా, చీమల పుట్టా? తుడిచెయ్" అనేవాడు. అందరూ నవ్వేవాళ్ళు. తుడిచేవాణ్ణి. మళ్ళీ రాసేవాణ్ణి. "తుడిచెయ్." ఒకరోజు పలక బడి నీళ్ళతొట్లో వదిలేసి వచ్చేశాను. ఇక వెళ్ళలేదు.

అతను పోయి యాభై ఏళ్ళయింది. ఇవాళ్టికీ కలం పట్టుకుంటే దగ్గరకొచ్చి నిలబడతాడు. నీకు రాసిన ప్రతి ఉత్తరం నాలుగో కాపీ. మంచం కింద చించిన కాగితాల మూట ఉంది. ఆ కోపంతో రాసిన ఉత్తరం కూడా మూడుసార్లు తిరగరాశాను, కోపంలో కూడా తుడిచెయ్యమన్నాడు వెధవ! అతన్ని ఇన్నేళ్ళూ తిట్టుకున్నాను. తిట్టుకుంటూనే, అతని మాటకి బదులు ఇంకో మాట పెట్టి, నీ చేతిలో పెట్టాను. దగ్గు ఒక్కటే నా సొంతం.

ఇది మొదటి కాపీ. కొట్టివేతలతో సహా పంపిస్తున్నా.

ఇప్పుడు పనిమాట విను, ఇది కటింగ్ మాస్టర్‌గా చెప్తున్నా, తాతగా కాదు. ఊడదీయ్ అన్న మాటకి మన పనిలో ఒక చోటుంది, అది నీకు చెప్పనే లేదు నేను. ముందు కచ్చా కుట్టు వేస్తాం, తెల్లదారంతో, పెద్దపెద్ద కుట్లు, మనిషి మీద వేసి చూసుకోవడానికి. అప్పుడు ఊడదియ్యొచ్చు. ఎన్నిసార్లయినా. ఊడదియ్యడానికే వేస్తాం దాన్ని. ఒకసారి రంగుదారం పడిందా, పక్కా కుట్టు పడిందా, ఇక బట్ట ఆ మనిషిది. మాస్టర్ నోరు అక్కడితో బంద్. నలభై ఏడేళ్ళలో నేను పక్కా కుట్టు పడిన బట్టని ఊడదీసింది ఒక్కసారే. అది నీ కవరు. ఎర్రదారంతో కుట్టావు. అది చూసి కూడా ఊడదీశాను. పని తెలిసినవాడు చేసే పని కాదది. ఎవడైనా నా షాపులో అలా చేస్తే వాణ్ణి వీధి చివరిదాకా తరిమేవాణ్ణి. ఇప్పుడు నన్ను నేను ఎక్కడిదాకా తరుముకోను?

అందుకని, లోపలున్న ఆ ముసలాణ్ణి తరమకు. నా నోటీసు వెనక్కి తీసుకుంటున్నా. ఎక్కడికి పోతాడు, వాడికి నువ్వు తప్ప ఎవరున్నారు? ఒక స్టూలెయ్యి, కూర్చోబెట్టు. దగ్గగానే అడుగు, "తాతా, ఏ దారం?" అని. తెల్లదారమైతే చెప్పనీ, వాడికి కన్ను మంచిదే, ఒక్కసారి విను. రంగుదారమైతే బొత్తాల డబ్బా ఇచ్చి సైజులవారీగా వేరు చెయ్యమను. నోరు పారేసుకునే ముసలాళ్ళకి చేతినిండా పనివ్వాలి. మీ నాయనమ్మ నా మీద ప్రయోగించిన మందే అది.

ఇంకోటి. నువ్వు రాసిన కుట్టు సంగతి పట్టుకుని నిన్న బనీను తిరగేసి తొడుక్కున్నా. చంకలో నలభై ఏళ్ళుగా గీరుకుంటున్న కుట్టు బయటికొచ్చింది. ఎంత హాయిగా ఉందో! గడియారం "తిరగబడిందిరా" అన్నాడు. "ఇన్నాళ్ళూ తిరగబడి ఉంది, ఇప్పుడు సరిగ్గా తొడిగా" అన్నాను. టేపు మేడాన్ని దొంగ అన్నందుకు ఆవిడకి నా నమస్కారం చెప్పు.

ఆ బేకరీ ఆవిడ చెయ్యి బిగుసుకుపోతుంటే నువ్వు బొటనవేలి దగ్గర వంకర చూసుకుంటూ కూర్చున్నావా? ఇక్కడ మాత్రం నాకు నీ మీద కోపం పోలేదు, పోదు కూడా! ఆ ఏడో గ్లవ్ ఎవరి చేతికి? కుట్టేసి వెంటనే ఇచ్చిరా.

ఒక మాట రాయాలి. ఆ అచ్చరం లేకుండా ఆ మాట లేదు. ఇన్నాళ్ళూ ఎవరికీ రాయకుండా, అనకుండా తప్పించుకు తిరగడానికి అదొక సాకు అయింది. ఎలా వస్తే అలా రాస్తున్నా.

కషమించు.

తాత

*

కుట్టుగది
మే మొదటి వారం

తాతా,

నీ ఉత్తరం బుధవారం సాయంత్రం వచ్చింది. గురువారం పొద్దున్నే ఏడోదానికి పక్కా కుట్టు వేశాను. దారం తెంపాను. దగ్గాడు. "తాతా, ఏ దారం?" అని అడిగాను. పైకే అనేశాను, పక్క అక్క "ముదురు గోధుమ రంగు" అని జవాబు చెప్పింది. నాకు నవ్వొచ్చింది. ఆయన ఊరుకోలేదు తాతా, అబద్ధం చెప్పను. మూడుసార్లు దగ్గాడు. బొటనవేలి దగ్గర వంకరుందన్నాడు. ఉంది. నాకూ కనపడింది. కొక్కెం దాకా చెయ్యి వెళ్ళింది. వెళ్ళి, పక్కనున్న సంచీ తీసుకుంది. గ్లవ్ అందులో వేసుకుని, ఆవిడ మళ్ళీ వచ్చేదాకా ఆగకుండా నేనే బేకరీకి వెళ్ళాను.

ఆవిడ స్టూలు మీద కూర్చుని ఎడం చేత్తో బన్నులు కవర్లలో పెడుతోంది. ముందు నిజం చెప్పాను. బట్ట ఎప్పుడో వచ్చిందని, నేనే ఇవ్వలేదని. ఆవిడకి కోపమొచ్చింది. రాదా మరి! "అంటే ఇన్నాళ్ళూ నీ సొరుగులో పెట్టుకుని నా చెయ్యి బిగుసుకుపోతుంటే చూస్తున్నావా?" అంది. అవునన్నాను. "ఎందుకు?" అంది. కుట్టు వంకరగా ఉందని చెప్పాను. ఆవిడ నావైపు చూసిన చూపు నీకు రాయలేను. "తే" అంది.

మొదటిసారి తొడగడానికి పది నిమిషాలు పట్టింది. నొప్పికి పళ్ళు బిగించింది. తొడిగాక చెయ్యి ఎత్తి అటూ ఇటూ తిప్పి చూసుకుంది. "ఏదీ వంకర?" అంది. బొటనవేలు చూపించాను. దగ్గరగా పెట్టుకుని చూసి, "కుట్టు సరిగ్గానే ఉంది పిల్లా, వంకర నా వేలిది" అంది. నిజమే తాతా. కాలిన వేలు కొంచెం పక్కకి తిరిగి ఉంది. కుట్టు ఆ వేలుతో పాటు వెళ్ళింది, అంతే. కొలతలు తీసింది నేనే. తీసి కూడా, నా బుర్రలో ఉన్న తిన్నటి చేతికి కుట్టాలని ఏడుసార్లు చూశాను.

వెళ్తుంటే వెనకనుంచి పిలిచి, "ఇంకెవరికైనా సొరుగులో ఉంటే ఇవాళే ఇచ్చెయ్" అంది. రెండున్నాయి. సాయంత్రానికి ఇచ్చేశాను.

డాక్టరు మరీ ఆలస్యం కాలేదన్నారు. కొంచెం అయిందన్నారు కూడా. చూపుడువేలు పూర్తిగా వంగకపోవచ్చట. అది నా వల్లే. దాన్ని మోస్తాను. ఇది లోపల తాత చెప్పింది కాదు, నేనే చెప్పుకుంటున్నా. రెండిటికీ తేడా ఇప్పుడిప్పుడే తెలుస్తోంది.

రాజీనామా కాగితం వెనక్కి తిప్పి, ఆవిడ రెండో గ్లవ్‌కి నమూనా గీసి కత్తిరించేశాను. ఉతికినప్పుడు తొడుక్కోడానికి ఇంకోటి కావాలి కదా. "ఇట్లు తమ విధేయురాలు" సరిగ్గా చిటికెన వేలి మీద పడింది.

నీ మాట చదివాను. దిద్దలేదు. ఆ కాగితం మిషన్ పైన గోడకి అంటించాను. లోపల తాత రోజూ దాన్ని చూస్తూ కూర్చుంటున్నాడు. ముందులా కొక్కెం పట్టుకుని లేడు. బొత్తాలు వేరు చేస్తున్నాడు. మధ్యమధ్యలో గొణుగుతాడు, సరేలే.

విడిగా పార్శిల్ పంపుతున్నా. విప్పి చూడు. విప్పి చూడమన్నానంటే పార్శిల్ని.

బొత్తాం

*

కుట్టు షాపు, కవరు తొడిగిన మిషన్ పక్కన
జూన్, వాన పడుతోంది

బొత్తాం,

వచ్చింది. నీలం బట్ట, నాలుగు మూలలు, జేబు, జేబు మీద ఎర్ర కత్తెర. కుట్లన్నీ బయటికి! మిషన్‌కి కూడా చర్మం పల్చనైందా? కావాలనే చేశావు, నన్ను ఉడికించడానికి. నా రక్తం ఎక్కడికి పోతుంది?

ముందే చెప్తున్నా, ఎడంవైపు మూల వంకరగా ఉంది. చూశాను. వెలుగుకేసి ఎత్తకుండానే కనపడింది. రెండు వేళ్ళూ వాటంతటవే లేచాయి. దగ్గు గొంతుదాకా వచ్చింది. మింగేశాను. కుట్లు విప్పే కొక్కెం తీసుకెళ్ళి గడియారం చేతిలో పెట్టి, "నేనడిగినా ఇవ్వకు" అన్నాను. అప్పుడే మూడుసార్లు అడిగాను. ఇవ్వట్లేదు, వెధవ.

శనివారం షాపులో జనమున్నప్పుడు కవరు తొడిగాను. ఒకడు "ఇదేంటి మాస్టారూ, తిరగేసి కుట్టారా?" అని నవ్వబోయాడు. వాడి చొక్కా కొలతలు తీసుకోనన్నాను. నిజంగానే తీసుకోలేదు. ఆఖరికి వాడు కవరుకి నమస్కారం పెట్టాకే టేపు తీశాను.

బేకరీ ఆవిడ చూపుడువేలు సంగతి రాస్తూ ఉండు. వంగినా రాయి, వంగకపోయినా రాయి.

నా దగ్గరికి వచ్చే పంతులుగారికి కూడా స్టూలేశాను. ఇద్దరం ముసలాళ్ళమే ఇప్పుడు. గడియారం పలక కొనుక్కొచ్చాడు, ఈ వయసులో. వాడే చెయ్యి పట్టుకుని దిద్దిస్తున్నాడు, వాడి చెయ్యి వణుకుతుంది, నాది మొరాయిస్తుంది. పంతులుగారు పక్కన కూర్చుని చీమల పుట్ట అంటాడు. అననీ. పలక మీద తుడిచెయ్యమన్నాడు, తుడిచాను, పలకంటే తెల్లదారమే కదా. అందుకని ఇప్పుడు కాగితం మీద, సిరాతో రాస్తున్నా.

క్ష

చూశావా. తోక కొంచెం పక్కకి పోయింది. దిద్ది పంపావంటే మర్యాదగా ఉండదు.

తాత